కోచ్ పెట్టిన భయం

ఏటా కాలేజీ తెరిచిన మొదటి వారంలో కోచ్ వెర్లిన్ కాసిక్ తన బేస్‌బాల్ జట్టును బట్టలు మార్చుకునే గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. అందులో ముప్పాతిక మూడు పాళ్ళు నిజం. మిగతాది శుద్ధ అబద్ధమని ఆయనకూ తెలుసు.

నిజం సంగతి ఇది. మైదానంలో గానీ సాధనలో గానీ పొగాకు ముట్టకూడదు. ఆట మధ్యలో అంపైర్ కంటబడితే ఆ ఆటగాడు బయటికి పోవాల్సిందే. నోట్లో దొరకనక్కర్లేదు, వెనక జేబులో గుండ్రంగా డబ్బా అచ్చు కనిపించినా చాలు. ముందొక ఏడాది ఒక కుర్రాడు అలాగే జేబు చూపించుకుంటూ వెళ్ళి బ్యాటింగుకు నిలబడ్డాడు, బంతి ఆడకుండానే ఇంటిదారి పట్టాడు. ఇక గంజాయి, స్టెరాయిడ్లు, కండలు పెంచే పొడుల విషయానికొస్తే, జాతీయ సంఘం తరఫున పరీక్షవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు ఊడిపడతారు, కప్పులో మూత్రం పట్టించుకుని పోతారు. అందులో ఏదైనా తేలితే ఒక సీజన్ మొత్తం ఆట బంద్, దొరికిన సీజన్‌లో మిగిలిన ఆటలు దానికి అదనం. మార్చిలో దొరికినవాడికి ఈ సీజనూ పోయినట్టే, వచ్చే సీజనూ పోయినట్టే.

ఇదంతా చెప్పి, కాస్త ఆగి, కాసిక్ తన అబద్ధం చెప్పేవాడు. ఆ కప్పులో పొగాకు కూడా తేలుతుంది, చిటికెడు పెట్టుకున్నా వారం దాకా ఒంట్లోంచి పోదు, దానికీ అదే శిక్ష అని.

ఆ పరీక్ష పొగాకు జోలికే పోదు. మైదానంలో పొగాకు నిషేధం ఒక నియమం, మూత్రపరీక్ష ఇంకో నియమం, రెంటికీ సంబంధం లేదు. ప్లమ్ క్రీక్ కాలేజీలో ఆ సంగతి నియమాలు చూసుకునే కొరినా డెల్గాడోకు తెలుసు. కాసిక్‌కు తెలుసు. కుర్రాళ్ళకు తెలియదు. నిషేధించిన మందుల జాబితా వాళ్ళందరికీ ఇస్తారు, చదివినట్టు సంతకం కూడా పెట్టించుకుంటారు. కానీ నోరు తిరగని మందుల పేర్లు పేజీల తరబడి ఉంటే ఎవడు చదువుతాడు. కోచ్ చెప్పిందే వాళ్ళకు వేదం.

ఆయన అబద్ధమాడింది సరదాకు కాదు. కాసిక్ ఎడమ దవడలో సగం ఆయనది కాదు. నలభై రెండో ఏట డాక్టర్లు క్యాన్సర్‌తో కుళ్ళిన ఎముక తీసేసి, కాలి ఎముక ముక్క కోసి అక్కడ అతికించారు. పన్నెండేళ్ళ వయసు నుంచీ కింది పెదవి వెనక పొగాకు తురుము కుక్కుకున్నందుకు దక్కిన ఫలం అది. అప్పట్నుంచీ మాట ముద్దముద్దగా వస్తుంది, మొక్కజొన్న కంకి కొరకలేడు, సూప్ తాగేటప్పుడు చేతిరుమాలు గడ్డం కింద పెట్టుకోవాలి. ఇందులో దాపరికమేమీ లేదు. కోచ్ అయిన కొత్తలో ఉపన్యాసమంతా తన దవడ గురించే ఇచ్చేవాడు. కుర్రాళ్ళు తలలు దించుకుని బుద్ధిగా వినేవాళ్ళు, ఆ తర్వాత బయటికెళ్ళి పికప్ ట్రక్కుల వెనక చేరి ఎవరి చిటికెడు వాళ్ళు పెదవి వెనక పెట్టుకునేవాళ్ళు. కోచ్ ముద్దమాటను అనుకరించి నవ్వుకునేవాళ్ళు కూడా.

వాళ్ళనీ తప్పుపట్టలేం. నెబ్రాస్కాలో ఆ పడమటి కొసన పశువులు మేపుకునే ఇళ్ళలో పొగాకు అంటే చెడు అలవాటని ఎవరూ అనుకోరు. వసంతంలో దూడలకు వాతలు వేసే రోజున కుర్రాడు మొదటిసారి పెద్దవాళ్ళతో సమానంగా దూడను పడేసి పట్టుకుంటే, తండ్రో తాతో డబ్బా మూత తీసి ముందుకు చాపుతాడు. ఆ చిటికెడు తీసుకున్నాడంటే మగాళ్ళలో కలిసినట్టు. అలా మొదలైన దాన్ని ఒక కోచ్ వంకర మొహం చూసి వదిలేస్తారా?

రోగమంటే భయపడని ఈ కుర్రాళ్ళు ఆట పోతుందంటే మాత్రం హడలిపోతారని కాసిక్ నెమ్మది మీద గ్రహించాడు. అంతే, అబద్ధం అందుకున్నాడు. అది పనిచేసింది కూడా. జట్టులో సగం మంది మానేశారు, మిగతా సగం తగ్గించారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయనకు అది అబద్ధమన్న పట్టింపు కూడా పోయింది. దవడ పోగొట్టుకున్నవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుందనుకున్నాడు.

* * *

మానని సగంలో గ్రేడీ షుల్ట్ ఒకడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో, ఒక్క పరుగు ఆధిక్యంతో అందరి గుండెలూ దడదడలాడుతున్నప్పుడు బంతి విసరడానికి దింపే పిచర్ వాడు. ఎడమచేతి వాటం. వాడి బంతి ఎంత జోరుగా పోతుందో చూడటానికి ఆ వసంతంలో పెద్ద జట్ల మనుషులు వేగం కొలిచే యంత్రాలు పట్టుకుని మూడుసార్లు వచ్చారు. వేసవిలో పెద్ద జట్లు ఆటగాళ్ళను తీసుకునే ఎంపికలో వాడి పేరు తప్పకుండా వస్తుందని ఊరంతా చెప్పుకునేది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఉత్తరాన నూనె బావుల దగ్గర పని చేస్తూ పండగలకు ఫోను చేస్తాడు. పెంచింది నానమ్మ లొరెట్టా.

వాడు పొగాకును పొద్దుతిరుగుడు గింజల సంచిలో కలిపి దాచుకునేవాడు. ఆటగాళ్ళందరూ గింజలు నమిలి పొట్టు ఉమ్ముతూనే ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదని వాడి నమ్మకం. గింజల ఉమ్ము ఏ రంగులో ఉంటుందో, పొగాకు ఉమ్ము ఏ రంగులో ఉంటుందో కాసిక్‌కు ఒకరు చెప్పాలా? చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అంత మంచి పిచర్‌ను చెయ్యి పట్టుకుని అంపైర్‌కు అప్పగించే కోచ్ ఎక్కడా ఉండడు.

మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొరినా ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే పరీక్షవాళ్ళు వస్తున్నారట. చీటీలో తేలిన పేర్లలో గ్రేడీది ఉంది. కాసిక్ వాడికి ఫోను చేసేసరికి వాడు నానమ్మ ఇంట్లో భోజనం బల్ల దగ్గరున్నాడు. సంగతి విని వాడు వస్తానని మాత్రం అన్నాడు.

సోమవారం పొద్దున వ్యాయామశాల వసారాలో కుర్చీలు వేసి కుర్రాళ్ళను కూర్చోబెట్టారు. గ్రేడీ కాళ్ళ దగ్గర నాలుగు లీటర్ల నీళ్ళ డబ్బా ఉంది, అప్పటికే దాదాపు ఖాళీ. మొహం పాలిపోయి ఉంది. ఎందుకు పాలిపోయిందో కాసిక్‌కు ఇట్టే తెలిసిపోయింది. తను పెట్టిన భయం పనిచేస్తోందని లోపల్లోపల సంతోషించాడు కూడా. ఆ సంతోషంలో వాడి పక్కనుంచి పోతూ భుజం తట్టి ఒక మాట అన్నాడు.

"ఎన్ని నీళ్ళు తాగినా దాగదురా అది."

గ్రేడీ తలెత్తి చూశాడు గానీ నవ్వలేదు.

ఈ పరీక్ష చూడనివాళ్ళకు అదేదో చిటికెలో పని అనిపిస్తుంది. కాదు. పరీక్షాధికారి ఒకడు మరుగుదొడ్లోకి వెంట వచ్చి, కప్పులో పడేదాకా కళ్ళార్పకుండా చూస్తాడు. అది మరీ పలచగా ఉంటే లెక్కలోకి రాదు, పారబోసి మళ్ళీ కూర్చోబెడతారు. గ్రేడీది మొదటిసారి నీళ్ళలాగే వచ్చింది. రెండోసారీ అంతే. ఇక నీళ్ళు తాగొద్దని చెప్పి ఉప్పు బిస్కట్లు తినిపించారు. తోటివాళ్ళు ఒక్కొక్కరే పని కానిచ్చుకుని పోతూ, "ఏరా, నీది కప్పు కాదు, చెరువు," అని ఆటపట్టించారు. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక గానీ వాళ్ళకు పనికొచ్చే కప్పు దొరకలేదు. కాసిక్ ఆ సాయంత్రం వాడికి సాధన మాఫీ చేసి, ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. ఆ రోజు తానెంతో దయగా ఉన్నాననుకున్నాడు పాపం.

* * *

మూడు వారాల తర్వాత కొరినా ఆయన్ను తన గదికి పిలిచి తలుపు వేసింది. గ్రేడీ పరీక్షలో దొరికాడట. స్టెరాయిడ్ కాదు, గంజాయి కాదు. ఒంట్లో నీరు దింపే మందు, రక్తపోటు ఉన్న ముసలివాళ్ళు వేసుకునే నీళ్ళ మాత్ర. స్టెరాయిడ్లు తీసుకునేవాళ్ళు వాటి జాడ కడిగేయడానికి ఆ మాత్రలు వాడతారు కాబట్టి అవీ నిషిద్ధమే, శిక్ష కూడా సమానమే. వాడిని అడిగితే తలనొప్పికి నానమ్మ మందుల్లోంచి పొరపాటున ఒక మాత్ర మింగానన్నాడట. పొరపాటైనా గ్రహపాటైనా సంఘం వినదని కొరినా చెప్పింది.

కాసిక్‌కు ఏం జరిగి ఉంటుందో ఆ క్షణంలోనే ఊహకు వచ్చింది. కానీ ఊహే కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, ట్రక్కు ఎక్కి లొరెట్టా ఇంటికి బయల్దేరాడు.

ఆవిడ వంటింట్లోకి పిలిచి కాఫీ పోసింది. వయసులో ఆయన కంటే చాలా పెద్దది. ఒకప్పుడు బడిలో ఆయనకు లెక్కలు చెప్పింది కూడా. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతులో జీర లేదు.

"నా మాత్రల సీసా తరిగిందని అప్పుడే అనుకున్నా వెర్లిన్. నాకే మతిమరుపు వచ్చి రెండుసార్లు వేసుకుంటున్నానేమో అనుకున్నా. వీణ్ణి అనుమానించాలని తోచలేదయ్యా," అంది.

గ్రేడీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నానమ్మను పెరట్లోకి పంపేదాకా నోరు విప్పలేదు. ఆవిడ కోళ్ళకు గింజలు వేయడానికి వెళ్ళాక వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కోచ్, మీకొక్కరికే చెప్తున్నా. కొరినా గారితో అనకండి. తలనొప్పీ లేదు, పాడూ లేదు. ముందురోజు దాకా పొగాకు పెట్టుకున్నా. అది కప్పులో తేలుతుందని మీరు చెప్పారుగా. నీళ్ళ మాత్ర వేసుకుంటే ఒంట్లోదంతా కడుక్కుపోతుందని అనుకున్నా. భోజనం బల్ల మీద నుంచి లేచి వెళ్ళి మూడు మింగా."

కాసిక్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"ఒకందుకు మేలే," అన్నాడు గ్రేడీ. "మాత్ర దొరికింది గానీ పొగాకు దొరకలేదు. అదీ దొరికుంటే రెండు తప్పులయ్యేవి."

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట, ఆ కప్పులో పొగాకు ఎవరూ వెతకరు అని. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వాడు ఇంకా తన మీద నమ్మకంతో మాట్లాడుతున్నాడు, అందరికంటే తనతోనే నిజం చెప్పుకున్నాడు. ఆ మొహం చూస్తూ ఆ మాట అనడం కాసిక్ వల్ల కాలేదు. ధైర్యంగా ఉండు, ఏదో ఒకటి చేద్దాం అని పెద్దరికంగా రెండు ముక్కలు చెప్పి లేచాడు. ఇంటికెళ్ళే దారిలో తనను తానే బూతులు తిట్టుకున్నాడు.

మర్నాడు కొరినా అప్పీలు సంగతి వివరించింది. సంఘం ముగ్గుర్ని కూర్చోబెట్టి ఫోనులోనే విచారిస్తుంది. వాళ్ళు శిక్ష తగ్గించడానికి ఉన్న దారి ఒక్కటే. కాలేజీయే ఆటగాడికి తప్పుడు మాట నేర్పి ఉండాలి, ఆ తప్పుడు మాట వల్లే వాడు దొరికి ఉండాలి.

"మనవాళ్ళెవరైనా ఈ పరీక్ష గురించి వాడికి తప్పుగా చెప్పారా కోచ్?" అని అడిగింది.

"నాకు తెలిసి లేదు," అన్నాడు కాసిక్.

ఆ సాయంత్రమే క్రీడావిభాగం పెద్ద రాస్ టిల్‌మన్ మైదానానికి వచ్చి, గడ్డి బాగా పెరిగిందనీ వాన ఎప్పుడు పడుతుందో అనీ మాట్లాడి, పోతూ పోతూ ఒక మాట వదిలాడు. కుర్రాడు జాబితా చదివినట్టు సంతకం పెట్టాడు, కాలేజీ తప్పేమీ లేదు, ఇందులో మనం తలదూర్చకపోతే అందరికీ మంచిదట. జూన్‌లో కాసిక్ ఉద్యోగం మళ్ళీ ఖాయం చేయాల్సింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు.

విచారణకు ఇంకా వారముంది. ఆ వారమంతా కాసిక్ తిండి సరిగా తినలేదు. యాభై ఎనిమిదేళ్ళు. ముద్దమాట కోచ్‌ను ఇంకో కాలేజీ ఎవరు పిలుస్తారు? తాను నోరు మూసుకుంటే గ్రేడీ ఆట ఇక్కడితో సరి. నోరు తెరిస్తే తనది సరి. వాడు నియమం తప్పి పొగాకు పెట్టుకున్నది నిజమే కదా, మాత్ర మింగమని తానేమీ చెప్పలేదు కదా అని ఒక పూట వాదించుకునేవాడు. ఇంకో పూట, వసారాలో వాడి భుజం తట్టి తానన్న మాట గుర్తొచ్చేది. వాడు దేనికి భయపడుతున్నాడో తెలిసే అన్నాడా మాట. పైగా ముచ్చటపడ్డాడు. అది గుర్తొచ్చినప్పుడు తన మీద తనకే రోత పుట్టేది.

* * *

విచారణ కొరినా గదిలో జరిగింది. బల్ల మధ్యలో ఫోను. ఒక పక్క గ్రేడీ, లొరెట్టా, ఇంకో పక్క కాసిక్, టిల్‌మన్. గ్రేడీ మెడకు టై బిగించుకుని వచ్చాడు. ఫోనులో ముగ్గురు తమ పేర్లు చెప్పుకున్నారు. అధ్యక్షురాలి గొంతు మెత్తగా, తొందర లేకుండా ఉంది.

గ్రేడీ తన తలనొప్పి కథ చెప్పాడు. ముగ్గురిలో ఒకాయన, తలనొప్పికి అన్ని మాత్రలెందుకు మింగావని అడిగాడు. ఒంట్లో తేలిన మందు మోతాదు చూస్తే అది ఒక మాత్ర లెక్క కాదట. వాడు టై ముడి సవరించుకున్నాడు. లొరెట్టా వాడి మోచేతి మీద చెయ్యి వేసింది. ఇంకెవరైనా చెప్పేదుందా అని అధ్యక్షురాలు అడిగింది. టిల్‌మన్ లేదన్నట్టు తలూపాడు, ఫోనులో వాళ్ళకు అది కనపడుతుందా ఏమిటి.

"నేను చెప్పాలి," అన్నాడు కాసిక్. "నేను వీడి కోచ్‌ని. వీడికి తలనొప్పి లేదు. వీడు పొగాకు దవడన పెట్టుకుంటాడు. అది పరీక్షలో దొరక్కూడదని మాత్రలు మింగాడు."

గ్రేడీ తల గిర్రున తిప్పి చూశాడు. నమ్మి చెప్పుకున్న మాట నలుగురిలో బయటపెట్టినందుకు ఆ కళ్ళలో కనిపించిన కోపాన్ని కాసిక్ భరించి కూర్చున్నాడు.

ఆ పరీక్షలో పొగాకు చూడరు కదా అంది అధ్యక్షురాలు.

"చూడరు. ఆ సంగతి నాకు తెలుసు. వీడికి తెలియదు. చూస్తారని నేనే చెప్పాను. తెలిసే చెప్పాను. ఒక్క వీడికే కాదు, పదకొండేళ్ళుగా ప్రతి జట్టుకూ చెప్పాను. పరీక్ష పొద్దున వీడు నీళ్ళు తాగుతుంటే, ఎంత తాగినా దాగదని కూడా అన్నాను."

టిల్‌మన్ కళ్ళు మూసుకున్నాడు.

"అలా ఎందుకు చెప్పారు కోచ్?" అంది అధ్యక్షురాలు.

"పొగాకు వల్ల నాకు దవడ పోయిందమ్మా. ముందు నా మొహమే చూపించాను. దానికి భయపడలేదు."

నిర్ణయం రెండు రోజుల్లో చెప్తామని ఫోను పెట్టేశారు.

టిల్‌మన్ నేరుగా బయటికి వెళ్ళిపోయాడు. వసారాలోకి వచ్చాక గ్రేడీ టై లాగేసి జేబులో కుక్కుకుని కాసిక్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అంటే ఆ రోజు నేనేమీ మింగకుండా, ఉత్తపుణ్యానికి వెళ్ళి ఉచ్చ పోసి వచ్చుంటే అయిపోయేదా?"

"అయిపోయేది."

"శనివారం ఆట ఆడేవాణ్ణి."

"ఆడేవాడివి."

"మా వంటింట్లో నేను చెప్పినప్పుడైనా అనలేదే మీరు."

లొరెట్టా మనవడి చెయ్యి పట్టుకుని తీసుకుపోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి, "చెప్పావు, సంతోషం. కానీ ఆలస్యం చేశావు వెర్లిన్," అంది, ఒకప్పుడు లెక్క తప్పు చేస్తే అన్నట్టే.

ఒక సీజన్ శిక్ష సగానికి తగ్గింది. ఆ సీజన్‌లో మిగిలిన ఆటలూ, వచ్చే సీజన్‌లో సగం ఆటలూ పోయాయి. పెద్ద జట్లవాళ్ళు యంత్రాలు సర్దుకుని వేరే ఊళ్ళ వైపు పోయారు. వేసవి ఎంపికలో గ్రేడీ పేరు రాలేదు. జూన్‌లో కాసిక్ ఉద్యోగం ఖాయం చేయలేదు. వీడ్కోలు విందు లేదు, గదిలో సామాను ఆయనే అట్టపెట్టెల్లో సర్దుకున్నాడు. పోతూ పోతూ జట్టును ఆఖరిసారి బెంచీల మీద కూర్చోబెట్టి, పరీక్షలో ఏం చూస్తారో, ఏం చూడరో ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాడు. గ్రేడీ ఆ రోజు రాలేదు. ఆ తర్వాత ఆయన రైతుల ధాన్యం గోదాములో లారీలు తూచే పనికి కుదిరాడు. ఊళ్ళో ఎదురుపడితే గ్రేడీ అటు వీధి మారిపోయేవాడు.

* * *

మరుసటి ఏప్రిల్‌లో గ్రేడీ శిక్ష తీరిన శనివారం నాడు కాసిక్ ఆటకు వెళ్ళాడు. లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు. కుడివైపు కంచె అవతల గడ్డినేల మీద ఎప్పుడూ పికప్ ట్రక్కులు వరసగా ఆగి ఉంటాయి. ముసలివాళ్ళు బండి దిగకుండా ఆట చూస్తారు, బాగా ఆడితే హారన్లు మోగిస్తారు. ఆ వరసలో చివర తన ట్రక్కు నిలిపి అద్దం దించుకుని కూర్చున్నాడు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యంతో గ్రేడీని దింపారు. మొదటి బంతులు అటూ ఇటూ పోయాయి. ఏడాది పైగా ఆట లేని చెయ్యి, మునుపటి జోరు పూర్తిగా రాలేదు. నాలుగు బంతులు గురి తప్పి, ఒకణ్ణి కొట్టకుండానే మొదటి బేస్‌కు పోనిచ్చాడు. ఆ తర్వాత కుదురుకుని వరసగా ముగ్గుర్నీ అవుట్ చేశాడు. ట్రక్కులన్నీ హారన్లు మోగించాయి. కాసిక్ కూడా నొక్కాడు, ఎవరిదో తెలియకుండా అన్నిటితో కలిపి నొక్కాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

బండి కదిలించేలోపు గ్రేడీ మైదానం అడ్డంగా కుడివైపు కంచె దాకా వచ్చాడు. కంచె దూకి నేరుగా ట్రక్కు దగ్గరికి వచ్చి, అద్దం దించి ఉన్న తలుపు మీద చేతులు ఆనించాడు. ఏడాదిగా మాట లేదు. ఏం తిట్టినా పడదామని కాసిక్ సిద్ధపడ్డాడు.

గ్రేడీ అటూ ఇటూ చూసి, వేలితో కింది పెదవి కిందికి లాగి చూపించాడు. పొగాకు లేదు. పొగాకు పెట్టుకునే చోట, చిగుళ్ళకూ పెదవికీ మధ్య, తెల్లగా ముడతలు పడ్డ మచ్చ ఉంది, వేలిగోరంత.

"మూడు నెలలైంది మానేసి. ఇది మాత్రం పోవట్లేదు," అన్నాడు. "నానమ్మకు చెప్పలేదు. పళ్ళ డాక్టరు కోసి చూడాలంటున్నాడు, వెళ్ళలేదు. మీకు మొదట్లో ఇలాగే ఉండేదా కోచ్? ఈసారైనా నిజం చెప్పండి."

కాసిక్ బండి ఆపేశాడు. ఆ మచ్చను వాడి నోట్లో కంటే ముందే, రెండేళ్ళ పాటు, తన అద్దంలో రోజూ చూశాడు. ఏమీ కాదులే అనుకుంటూ ఆ రెండేళ్ళు గడిపాడు. ఇప్పుడు ఏమీ కాదులే అంటే వాడి మొహంలో వెలుగు వస్తుంది, ఆ మాట ఎంత సులభంగా వస్తుందో ఆయనకు తెలుసు.

"ఇలాగే ఉండేది," అన్నాడు. "అచ్చం ఇలాగే. అందరిదీ నాలాగే ముదరదు, కోసి చూస్తే గానీ తెలియదు. నేను రెండేళ్ళు చూపించుకోకుండా కూర్చున్నా. నువ్వు కూర్చోకు."

గ్రేడీ పెదవి వదిలేశాడు. వాడి మొహం తెల్లబోయింది, అయినా తల తిప్పుకోలేదు. మైదానంలో తోటివాళ్ళు పేరు పెట్టి కేకేస్తున్నారు.

"సోమవారం మీరొస్తారా నాతో?" అన్నాడు.

వస్తానన్నాడు కాసిక్. పొద్దున్నే ఎనిమిదింటికి ఇంటి ముందు ట్రక్కు ఆపుతానన్నాడు. నానమ్మకు ఈ రాత్రే చెప్పు, నువ్వు చెప్పకపోతే రేపు నేను చెప్తానన్నాడు. గ్రేడీ తలూపి, బంతి పట్టే చేతితొడుగు చంకలో పెట్టుకుని, కంచె వైపు నడిచాడు.